గరిటె ఎవరి చేతిలో ఉంది?

ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే అందులో తప్పేముంది? నేనూ అలాగే అనుకునేవాణ్ణి. గోమా సంగతి చదివాక ఆలోచనలో పడ్డాను.

ఆఫ్రికాలో రువాండా అనే చిన్న దేశం ఉంది. 1994 ఏప్రిల్ నుండి సుమారు వంద రోజుల్లో అక్కడి హుటూ తీవ్రవాదులు దాదాపు 8 లక్షల మందిని చంపారు. చనిపోయినవారిలో ఎక్కువమంది టుట్సీలు. జులైలో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. అప్పుడు లక్షలాది హుటూ జనం భయంతో సరిహద్దు దాటి జైర్ దేశంలోని గోమాకు వచ్చిపడ్డారు. (1997 నుండి ఆ దేశం పేరు కాంగో.) అక్కడ నేలంతా అగ్నిపర్వతపు లావా గట్టిపడిన రాయి. మరుగుదొడ్డికి గుంట తవ్వుదామన్నా, శవాన్ని పూడ్చుదామన్నా గునపం దిగదు. కలరా వచ్చి కొద్ది వారాల్లోనే వేలకు వేలమంది పోయారు. ప్రపంచమంతా కదిలి విమానాల్లో మందులు, తిండిగింజలు పంపింది. కలరా తగ్గింది. ఇంతవరకు మంచిదే.

చిక్కు ఎక్కడంటే, ఆ జనంలోనే చంపినవాళ్ళూ ఉన్నారు. సైనికులు, ఊరి అధికారులు అందరూ కలిసే వచ్చారు. తిండి పంచే పని ఆ పెద్దలకే దక్కింది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, మరి వడ్డించేవాడు హంతకుడైతే? తలలు ఎక్కువ చూపి ఎక్కువ తిండి రాయించుకున్నారు. మిగిలింది అమ్ముకున్నారు. మళ్ళీ యుద్ధానికి తయారయ్యారు. ఇంటికి పోతామన్నవాళ్ళను బెదిరించారు, కొందరిని చంపారు కూడా.

1994 నవంబరులో 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ ఫ్రాన్సు శాఖ, ఇక మేము ఉండమని వెళ్ళిపోయింది. అదే సంస్థ బెల్జియం, హాలెండ్ శాఖలు మరికొంతకాలం ఉన్నాయి. ఒకే సంస్థలో రెండు మాటలు! ఐక్యరాజ్య సమితి శరణార్థుల హైకమిషనర్ సడాకో ఒగాటా గారు, ఆయుధాలున్నవాళ్ళను జనం నుండి వేరుచేయమని దేశాలను కోరారు. బస్తాలు పంపిన దేశాలు ఆ పనికి మాత్రం ముందుకు రాలేదు. నాకు ఎక్కువ కోపం వచ్చింది ఇక్కడే.

వెళ్ళిపోయిన డాక్టర్లను నేను తప్పుపట్టను. కాని డాక్టరు పోతే ముందు నష్టపోయేది తుపాకి ఉన్నవాడు కాదు, విరేచనాలతో పడున్న పసిపిల్ల. ఆ పిల్ల ఎవర్నీ చంపలేదు. కాబట్టి వైద్యం ఉండాలి, గరిటె మాత్రం లాక్కోవాలి. తిండి పెద్దమనిషికి కాక ఒక్కో ఇంటి తల్లి చేతికే ఇవ్వాలి. ఇది నా అభిప్రాయం.

1996 చివర్లో రువాండా సైన్యం, దానితో కలిసిన తిరుగుబాటుదారులు ఆ శిబిరాల మీద దాడిచేశారు. లక్షలమంది నడిచి ఇళ్ళకు పోయారు. అడవుల్లోకి పారిపోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు.

మా గదిలో దీనిమీద రెండు రాత్రులు వాదన జరిగింది. "తల్లి చేతికిచ్చినా తుపాకివాడు గుంజుకోడా?" అన్నాడు పక్క మంచం వాడు. వాడికి నేనింకా జవాబు చెప్పలేదు.