బ్రష్ కట్టర్‌లో నైలాన్ తీగ మార్చే పద్ధతి

కూలీల కొరత వలన మామిడి, బత్తాయి తోటలలో గడ్డి కోతకు బ్రష్ కట్టర్ వాడకం పెరిగింది. తీగ తరచుగా తెగడానికి కారణం చాలా సందర్భాలలో దాని నాణ్యత కాదు, చుట్టిన తీరు.

ముందుగా ఇంజను ఆపి, చల్లారిన పిదప స్పార్క్ ప్లగ్ క్యాప్ తీసివేయాలి. హెడ్ విప్పి స్పూలుపై మిగిలిన ముక్కలను, గడ్డి పీచును తొలగించాలి. తయారీదారు సూచించిన మందం గల తీగనే వాడాలి. మందం మించితే ఇంజనుపై భారం పెరిగి క్లచ్ వేడెక్కుతుంది. రెండు కొనల హెడ్ అయితే తీగను మధ్యకు మడిచి, మడతను స్పూలు గాడిలో తగిలించి, బాణం గుర్తు చూపే దిశలో రెండు పాయలను వేర్వేరు అరలలో బిగువుగా చుట్టాలి. పాయలు ఒకదానిపై ఒకటి పడితే రాపిడి వేడికి నైలాన్ కరిగి అతుక్కుంటుంది. అటుపై హెడ్‌ను నేలకు ఎన్నిసార్లు తట్టినా తీగ బయటకు రాదు. స్పూలును అంచు వరకు నింపరాదు. ఎండి పెళుసెక్కిన పాత తీగను ఒక రోజు నీటిలో నానబెడితే కొంత సాగుగుణం తిరిగి వస్తుంది.

నైలాన్‌కు బదులు ఇనుప తీగ కట్టడం ప్రాణాంతకం. తెగిన ముక్క తూటా వలె దూసుకుపోతుంది. రక్షణ కవచాన్ని కూడా తొలగించరాదు. అదనపు తీగను కోసే చిన్న కత్తి దానికే ఉంటుంది.

నైలాన్ మెత్తనిదన్న భరోసాతో లేత మొక్కల మొదళ్లకు ఆనించి కోయడం మరొక పొరపాటు. కాండం చుట్టూ బెరడు లేచిపోతే ఆకులలో తయారైన ఆహారం వేళ్లకు చేరదు. మొక్క వెంటనే ఎండదు గనుక, తరువాత దానిని వేరుకుళ్లుగా పొరబడి మందులు పోసే అవకాశం ఉంది. మొదలు చుట్టూ అడుగు మేర గడ్డిని కొడవలితోనే తీయాలి.