వెదురు గీసిన గువాన్

వెదురు అంటే మనకు చేట గుర్తుకొస్తుంది. బుట్ట, తట్ట, నిచ్చెన గుర్తుకొస్తాయి. చైనా దేశంలో కూడా వెదురుతో ఎన్నో సామాన్లు చేస్తారు. కాగితం రాకముందు అక్కడ వెదురు బద్దల మీద రాసేవారు. ఆ వెదురును బొమ్మగా కూడా గీస్తారు. వెయ్యేళ్లుగా గీస్తున్నారు.

ఈ బొమ్మకు రంగులు అక్కర్లేదు. నల్ల సిరా చాలు. మసిలో జిగురు కలిపి, ఆరబెట్టి సిరా కడ్డీ చేస్తారు. రాతి పలక మీద కొంచెం నీళ్లు వేసి, గంధం తీసినట్టు ఆ కడ్డీని అరగదీస్తారు. చిక్కటి సిరాతో దగ్గరి ఆకులు వేస్తారు. పలచటి సిరాతో దూరపు ఆకులు వేస్తారు.

కణుపుకూ కణుపుకూ మధ్య ముక్కను ఒక్క ఊపులో గీస్తారు. కణుపు దగ్గర కొంచెం సందు వదులుతారు. ఆకు కూడా ఒక్క గీతే. గీస్తూ కుంచెను మెల్లగా పైకి ఎత్తితే ఆకు కొస సన్నబడుతుంది. తప్పు పోతే చెరపడానికి లేదు. సిరా కాగితంలో ఇంకిపోతుంది. అందుకే ముందు వెదురును బాగా చూడాలి. అది మనసులో నిలిచాకే కుంచె పట్టాలి.

వెదురు అంటే వాళ్లకు ఎందుకంత ఇష్టం? గాలివానకు వెదురు వంగుతుంది, విరగదు. గాలి తగ్గగానే మళ్లీ లేచి నిలబడుతుంది. కష్టాల్లో మనిషి కూడా అలా ఉండాలంటారు. చలికాలంలో చాలా చెట్లు ఆకు రాలుస్తాయి. వెదురు పచ్చగానే ఉంటుంది. దాని లోపల బోలుగా ఉంటుంది. అంటే గర్వం లేదని అర్థం. చైనా భాషలో కణుపుకూ, నీతి తప్పని గుణానికీ ఒకటే మాట.

ఇవన్నీ చదువుకున్న మగవాళ్ల గుణాలు అనుకునేవారు. వెదురు గీయడం కూడా మగవాళ్ల పనే అనుకునేవారు.

గువాన్ దావోషెంగ్ 1262లో పుట్టింది. ఆమె భర్త జావో మెంగ్‌ఫు పెద్ద అధికారి. గొప్ప చిత్రకారుడు కూడా. గువాన్ కూడా కుంచె పట్టింది. అక్కడ రాతకూ, బొమ్మకూ ఒకటే కుంచె. మగవాళ్ల పని చేశానని ఎవరైనా తప్పుపడతారేమో అని ఆమె తన బొమ్మ మీదే రాసిందని చెబుతారు. అయినా కుంచె వదల్లేదు. 1308లో ఏటి ఒడ్డున, మంచులో, వానలో ఉన్న వెదురు పొదలను గీసింది. ఆ బొమ్మ తైవాన్‌లోని తైపే మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఆమె చేతిరాత కూడా చక్కగా ఉండేది. చైనాలో పిల్లలకు అక్షరాలు నేర్పే పాత పుస్తకం ఒకటి ఉంది. అందులో వెయ్యి అక్షరాలు ఉంటాయి. ఆ పుస్తకాన్ని రాసి ఇమ్మని రాజు గువాన్‌ను అడిగాడు. ఆమె రాతను, భర్త రాతను, కొడుకు రాతను కలిపి దాచిపెట్టించాడు.

గువాన్ 1319లో చనిపోయింది. ఆమె పేరు మాత్రం నిలిచింది.

కొత్త మాటలు
కణుపు – వెదురులో ముడి ఉండే చోటు
బోలు – లోపల ఖాళీ
కుంచె – బొమ్మలు వేసే బ్రష్

చెప్పండి, రాయండి
1. సిరా కడ్డీని దేనితో చేస్తారు?
2. వెదురు నుంచి మనిషి ఏం నేర్చుకోవాలంటారు?
3. "ఇది ఆడవాళ్ల పని కాదు" అని మీ ఊళ్లో ఏ పనులను అంటారు? అందరూ కలిసి మాట్లాడండి. ఒక పని పేరు పలక మీద రాయండి.