ఓపిక లేదన్నప్పుడు

తెలుగులో 'ఓపిక' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. సహనం ఒకటి, ఒంట్లో సత్తువ మరొకటి. "ఆ తల్లికి ఎంత ఓపికో" అంటే ఆమె సహనాన్ని మెచ్చుకోవడం. "లేచే ఓపిక లేదమ్మా" అంటే దేహం కదలడం లేదని చెప్పుకోవడం. ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండడం వల్లనేమో, ఒకరు సత్తువ లేదని చెబితే వినేవారికి సహనం లేదన్నట్టుగా వినబడుతుంది. ఆ మాట కోడలు అంటే బద్ధకమంటాం. కుర్రవాడు అంటే సోమరితనమంటాం. ఇంటి పెద్ద అంటే వయసు మీదపడిందని ఊరుకుంటాం.

మన పెద్దలు అన్ని అలసటలనూ ఒకే గాట కట్టలేదు. పొలం పని చేసి వస్తే అలుపు, దూర ప్రయాణం చేస్తే బడలిక, జ్వరపడి లేస్తే నీరసం, ఎండకు తాళలేక పడిపోతే సొమ్మసిల్లడం, మనసుకైతే విసుగు. ఆయాసం అంటే సంస్కృతంలో శ్రమ, మన ఊళ్ళలో మాత్రం ఊపిరి అందకపోవడం. పేర్లు వేరైనట్టే వీటికి కారణాలూ, మందులూ వేరు.

రోజంతా వంగి మిరపకాయలు కోసి, చేతుల మంటతో ఇంటికొచ్చిన మనిషి అలుపు కడుపునిండా అన్నంతో, కంటినిండా నిద్రతో తీరిపోతుంది. కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికి వచ్చి మన చేల గట్ల మీద గుడిసెలు వేసుకునే కుటుంబాలకు ఆ నిద్ర కూడా సరిగా దొరకదనుకోండి, అది వేరే సంగతి. తెల్లవారి లేచేసరికి పోయే అలుపు జబ్బు కాదు. పడుకున్నా పోనిదాని గురించే ఆలోచించాలి.

"నీరసంగా ఉంది" అనగానే మన పల్లెల్లో మొదట గుర్తొచ్చేది సెలైన్ బాటిల్. అర లీటరు గ్లూకోజు బాటిల్‌లో ఏముందో ఎప్పుడైనా లెక్కవేశారా? అయిదు శాతం అంటే 25 గ్రాముల చక్కెర. అయిదారు చెంచాలు! వాంతులు, విరేచనాలతో ఒంట్లోని నీరంతా పోయి, నోటితో తాగలేని రోగికి సెలైన్ ప్రాణం పోస్తుంది, కాదనడం లేదు. కానీ ఒంట్లో రక్తమే తక్కువైన స్త్రీకి అందులో దొరికేదేమీ లేదు. ఆ పూటకు కాస్త తేలికగా అనిపిస్తుంది, మర్నాడు మళ్ళీ మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్మడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఆదివారం పూజలో స్త్రీల వైపు కూర్చున్నవారిలో ఇద్దరిలో ఒకరికి అని అనుకోవచ్చు. అందరూ తిన్నాక మిగిలింది తినడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, వెంటవెంట కాన్పులు, చెప్పులు లేని కాళ్ళ గుండా ఒంట్లో చేరే కొంకి పురుగులు, ఇవన్నీ కారణాలే. గర్భిణి కాని స్త్రీకి రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గకూడదు. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షకూ, ఐరన్ మాత్రలకూ డబ్బు అడగరు. మాత్ర వేసుకున్న గంటదాకా టీ తాగకండి, టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయకండి.

సాయంకాలం సన్నని జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం నీరసంతో కలిసి వస్తే క్షయ పరీక్ష చేయించాలి. ఎండాకాలం, ముఖ్యంగా రెంటచింతల వంటి చోట్ల, అలిసిన మనిషి మాట తడబడి, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక మందు కొట్టి వచ్చినవారి అలసట. పత్తి, మిరప పండించే మనకు ఇది తెలిసి తీరాలి. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోరిపైరిఫాస్ పేర్లు ఒకప్పుడు పత్తి రైతుల పిల్లలకు కూడా నోటికి వచ్చేవి. ఇవి నరాలకూ కండరాలకూ మధ్య పనిచేసే ఒక ఎంజైమును కట్టిపడేస్తాయి. తలనొప్పి, విపరీతమైన చెమట, నోట్లో ఊట, చూపు మసకబారడం, కండలు అదరడం, ఆపైన నిస్సత్తువ వస్తాయి. "ఎండలో తిరిగాడు, పడుకోనివ్వండి" అంటారు ఇంట్లో. పడుకోబెట్టకూడదు. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళంతా కడిగి, మందు డబ్బాను కూడా వెంటపెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. డబ్బా మీది పేరు చూస్తేనే డాక్టరుగారికి చికిత్స తెలుస్తుంది. 1987లో శ్రీలంక వైద్యులు మరో సంగతి బయటపెట్టారు. విషం ఎక్కినవారు మొదట తేరుకున్నట్టు కనబడి, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ ఎత్తలేనంత బలహీనపడవచ్చు, ఊపిరి తీసే కండరాలు కూడా చచ్చుబడవచ్చు. అందువల్ల "కోలుకున్నాడుగా" అని డాక్టరు చెప్పకముందే ఇంటికి తెచ్చుకోకూడదు. వారం వారం మందు కొట్టేవారిలో ఆ ఎంజైము పూర్తిగా తిరిగి రావడానికి వారాలు పడుతుంది. డ్రమ్ములో మందు కలిపే ఆడవారికీ ఈ ప్రమాదం ఉంది. పంపు మోసేది మగవారే కదా అని మనం వారిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో లద్దె పురుగు, పచ్చ పురుగు పడినప్పుడు వరంగల్ ప్రాంతంలో ఆ విషాదం ఇంకా పెద్దదైంది. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరపను దెబ్బతీసింది. ప్రతిసారీ ఎక్కువగా నష్టపోయేది కౌలు రైతు. చేను పోయినా కౌలు కట్టాలి, దుకాణంలో అప్పు నిలిచే ఉంటుంది. అటువంటి మనిషి తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటాడు, చేను వైపు వెళ్ళడు, నలుగురిలోకి రాడు, "ఓపిక అయిపోయింది" అంటాడు. ఈ అలసట నిద్రతోనూ, టానిక్‌తోనూ పోదు. దయచేసి "ధైర్యంగా ఉండాలయ్యా" అని చెప్పి వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని, "బాబాయ్, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటికి వస్తుంది. పురుగుమందు డబ్బాలను ఇంట్లో నుంచి తీసివేయండి. 2022 నుంచి నడుస్తున్న 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పాత నిబంధనలో ఏలియా ప్రవక్త కథ మీకు తెలిసిందే. ప్రాణభయంతో ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకోమని దేవుణ్ణి వేడుకున్నాడు. అంతటి ప్రవక్తకు వచ్చిన మాట అది! అతనికి దేవుడు విశ్వాసలోపం అని చీవాట్లు పెట్టలేదు. దేవదూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ నిద్రపోతే రెండోసారీ లేపి, ప్రయాణం దూరమని చెప్పి తినిపించాడు. దేవుని మాట వినబడింది ఆ తర్వాత, నలభై రోజుల నడక తర్వాత.

మిరప కోతలు ముమ్మరంగా సాగేది ఇంచుమించు తపస్సు కాలంలోనే. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒంటిపూట ఉండి ఎండలో కోతకు వెళ్ళి పడిపోయే తల్లులున్నారు. ఉపవాస నియమం 18 ఏళ్ళు నిండినవారికి, 60వ ఏడు ప్రవేశించేదాకా మాత్రమే. అందులోనూ రోగులనూ, గర్భిణులనూ, పాలిచ్చే తల్లులనూ, కాయకష్టం చేసేవారినీ శ్రీసభ సంప్రదాయం మినహాయిస్తూనే వచ్చింది. మీ మనసుకు ఇంకా సందేహంగా ఉంటే విచారణ గురువులను అడగండి. అప్పటిదాకా గంజి అయినా తాగి చేలోకి వెళ్ళండి.