వాన పడని రోజునూ రాయాలి

ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఉన్నాయి. అక్కడ వానలు తక్కువ. పత్తి, వేరుశనగ రైతులకు వాన ఎన్నాళ్లు పడిందో, ఎన్నాళ్లు పడలేదో రెండూ ముఖ్యమే.

వర్షమాపకాన్ని మన దేశంలో రోజూ ఉదయం 8.30 గంటలకు చూస్తారు. ఆదోని పట్టికలో వాన పడిన రోజులనే రాశారనుకుందాం. జూన్‌లో నాలుగే వరుసలు: 20, 10, 15, 15 మిల్లీమీటర్లు. రోజుకు సగటు ఎంత? కంప్యూటరు ఉన్న వరుసలనే లెక్కించి 15 అంటుంది. కాని 60ని 30తో భాగించాలి. అసలు జవాబు 2!

లేని వరుసలను ఎలా తేవాలి? ముందుగా 30 తేదీలతో వేరే పట్టిక తయారుచేయాలి. దానికి వాన పట్టికను జతచేయాలి. డేటాబేసు భాష ఎస్‌క్యూఎల్‌లో దీనిని 'లెఫ్ట్ జాయిన్' అంటారు. ఇందులో ఒక్క తేదీ కూడా జారిపోదు. జత దొరకని తేదీ పక్కన 'నల్', అంటే ఖాళీ, వస్తుంది. 'కోయలెస్' అనే ఆదేశం ఆ ఖాళీలో సున్నాను నింపుతుంది.

ఇక్కడే జాగ్రత్త! ఎమ్మిగనూరులో వర్షమాపకం ఐదు రోజులు పాడైందనుకోండి. ఆ రోజుల వాన సున్నా కాదు, తెలియదు. కరువు మండలాలను నిర్ణయించేటప్పుడు వర్షపాతం లెక్కలు చూస్తారు. అక్కడ తప్పు సున్నా రైతుల గురించిన నిర్ణయాన్నే తప్పుదారి పట్టిస్తుంది. అందుకే తేదీల పట్టికలో 'మాపకం చూశారా?' అనే గడి ఉండాలి. చూసిన రోజు ఖాళీకే సున్నా నింపాలి. చూడని రోజును నల్‌గానే వదలాలి. ఎస్‌క్యూఎల్ సగటు తీసేటప్పుడు నల్‌ను లెక్కలోకి తీసుకోదు.

మీ తరగతి హాజరుపట్టీ చూడండి. సెలవు రోజూ, మీరు బడికి రాని రోజూ ఒకటేనా?