పోటీ పరీక్షల ప్రత్యేకం: డెలీరియం, డిమెన్షియా – నర్సింగ్ సంరక్షణ

గంటల్లోనో రోజుల్లోనో హఠాత్తుగా మొదలై, ఏకాగ్రత, స్పృహ ఒకే రోజులో హెచ్చుతగ్గులకు లోనయ్యే స్థితిని డెలీరియం అని, నెలలు, సంవత్సరాల పాటు జ్ఞాపకశక్తి క్రమంగా క్షీణించే స్థితిని డిమెన్షియా అని వ్యవహరిస్తారు. అభ్యర్థులు తడబడేది ఈ తేడా దగ్గరే. ఇన్ఫెక్షన్, సోడియం లోపం వంటి మూలకారణానికి చికిత్స జరిగితే డెలీరియం సాధారణంగా తగ్గుతుంది. 1906లో అలోయిస్ ఆల్జీమర్ తొలిసారి వివరించిన ఆల్జీమర్స్ వ్యాధి డిమెన్షియాకు ప్రధాన కారణం; అది పూర్తిగా నయం కాదు. సాయంకాలం అయోమయం పెరిగే ‘సన్‌డౌనింగ్’ లక్షణం కనిపించినప్పుడు నర్సు గదిలో తగినంత వెలుతురు ఉంచి, పెద్ద అంకెల గడియారాన్ని రోగికి ఎదురుగా అమర్చి, కళ్లజోడు, వినికిడి యంత్రం అందించి, ఒకసారికి ఒక్క సూచనే చిన్న మాటల్లో చెప్పాలి. చనిపోయిన భార్య కోసం వెతికే రోగితో వాదించడం కంటే ఆమె గురించి మాట్లాడించడమే మేలు. రోగి జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలను అంచనా వేసేందుకు 1975లో వెలువడిన మినీ మెంటల్ స్టేట్ పరీక్షకు గరిష్ఠ మార్కులు 30.