పై చదువు గురించి బిడ్డకు

సిద్దిపేట

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. బడిలో టీచర్ ఉద్యోగం వదలకుండా ఎం.ఎడ్. చేసే దారి ఉందా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం బస్సు హారన్‌లో పోతుందని రాస్తున్నాను.

ముందు దారి సంగతి తేల్చుకుందాం. టీచర్ల చదువులను చూసే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో ఎం.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. థియరీకి 80 శాతం, ఫీల్డ్ అటాచ్‌మెంట్‌కు 90 శాతం హాజరు ఉండాలి. బడి ఇక్కడ, కాలేజీ హైదరాబాద్‌లో. ఎట్లా కుదురుతుంది? శాఖ అనుమతితో సెలవు పెట్టి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి చేరొచ్చు గానీ ఇంటి లోను కిస్తీలు నడుస్తుండగా ఆ మాట నేను అనలేను.

'మీరు రానక్కర్లేదు మేడం, ఫీజు కట్టండి చాలు' అనే కాలేజీలు తగులుతాయి. నాన్ అటెండింగ్ అని దానికో ముద్దుపేరు. అటు తొంగి కూడా చూడకు. ఒకే రోజు బడిలోనూ, కాలేజీలోనూ నీ హాజరు కనబడితే రేపు సర్టిఫికెట్ల పరిశీలనలో జవాబు చెప్పాల్సింది నువ్వే. అసలే ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసే రోజులు.

ఇక మిగిలింది దూరవిద్యలో ఇగ్నో ఎం.ఏ. ఎడ్యుకేషన్. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు. రెండేళ్లలో ముగించొచ్చు, వీలుకాకపోతే నాలుగేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఇది ఎం.ఎడ్. కాదు, ఆ తేడా తెలిసే చేరు. కానీ అదే 2014 నిబంధనల ప్రకారం ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో 55 శాతం, బీఎడ్‌లో 55 శాతం ఉన్నవాళ్లు బీఎడ్ కాలేజీలో విద్యా దృక్పథాల సబ్జెక్టులు చెప్పడానికి అర్హులే. జిల్లా టీచర్ శిక్షణ సంస్థ డైట్‌లో లెక్చరర్ ఉద్యోగం మీద కన్ను ఉంటే మాత్రం నోటిఫికేషన్‌లో ఏ డిగ్రీ అడిగారో చూసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ బయటపెట్టిన ముసాయిదాలో పనిచేసే టీచర్ల కోసం రెండేళ్ల పార్ట్‌టైం ఎం.ఎడ్. మాట ఉంది. మన యూనివర్సిటీ సీట్లు చూపించిన నాడు దాని గురించి మాట్లాడుకుందాం.

స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ కోసమే అయితే ఇదేదీ అక్కర్లేదు. అక్కడ అడిగేది బీఎడ్, సబ్జెక్టు డిగ్రీ, టెట్. అందుకే ఎందుకు చదువుతున్నావో నీకు నువ్వు చెప్పుకోవాలి.

నన్నడిగితే, నీ క్లాసు కోసం చదువు. పోయినసారి వచ్చినప్పుడు నాలుగో తరగతి పిల్లవాడి నోటుబుక్కు చూపించావు, గుర్తుందా? 52లోంచి 27 తీసెయ్యమంటే 35 అని వేశాడు. పక్క లెక్కలోనూ అదే తీరు. రెండులోంచి ఏడు పోదు గనక ఏడులోంచి రెండు తీసేశాడు. వాడు పరాకుగా లేడు, తనకో సూత్రం పెట్టుకుని దాన్నే నమ్మకంగా పాటిస్తున్నాడు. అదే పిల్లవాడు రైతుబజార్‌లో వాళ్ల అమ్మ పక్కన కూర్చుని వంద నోటుకు చిల్లర తప్పకుండా ఇస్తాడని నువ్వే చెప్పావు.

ఇది మన దగ్గరే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫేలో బజారులో అమ్ముకునే ఐదుగురు పిల్లల మీద పరిశోధకురాలు తెరెజిన్యా కరాహెర్, ఆమె సహచరులు చేసిన పరిశీలన 1985లో అచ్చయింది. కొబ్బరికాయ 35 అయితే పది ఎంత అంటే పన్నెండేళ్ల పిల్లవాడు మూడింటికి 105, ఇంకో మూడింటికి 210 అని పోగేసుకుంటూ 350 చెప్పాడు. బజారులో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అలాంటి అంకెల్నే ఉత్త లెక్కలుగా ఇస్తే 37 శాతం మాత్రమే చేశారు. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజారు పిల్లల్లోనూ దాదాపు ఇదే చూసింది. ఆ పిల్లవాడు సిద్దిపేటలోనూ ఉన్నాడు, నీ ముందు బెంచీలో. ఎం.ఏ.లో నువ్వు రాయాల్సిన డిసర్టేషన్‌కు అంతకన్నా మంచి అంశం నేను చెప్పలేను.

లేకపోతే జరిగేదేమిటో తెలుసు కదా. 'ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి – ఒక పరిశీలన' అనే పాత థీసిస్ ఒకటి దొరుకుతుంది. జిల్లా పేరు మారుస్తారు, డీటీపీ సెంటర్‌లో బైండింగ్ చేయిస్తారు, పైన బంగారు అక్షరాలు. ఎంతమంది టీచర్ల సంతృప్తి అలా బీరువాల్లో పడి ఉందో! అసైన్‌మెంట్లకూ రెడీమేడ్ జవాబులు అమ్ముతారు. కొనకు.

ఇగ్నో పుస్తకాలు ఇంగ్లిష్‌లో, హిందీలోనే ఉంటాయి. మొదట్లో పేజీ కదలదు. మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ దగ్గరికొచ్చేసరికి తేలికవుతుంది. నువ్వు చెబితే ఎక్కనిది పక్కన కూర్చున్న పిల్ల చెబితే ఎందుకు ఎక్కుతుందో అక్కడ ఉంది. చదివిన ముక్క మర్నాడే క్లాసులో చేసి చూడు, ఏమైందో ఇంత డైరీలో రాసిపెట్టుకో. వంట, పిల్లలు అయ్యాక రాత్రి కూర్చోవాలని పట్టు పట్టకు, అల్లుడికి చెప్పి తెల్లారి గంటసేపు అడిగి తీసుకో. వంటింట్లో ఆ గంట అతను ఉంటే ఏమీ కాదు.

చేరకముందే మీ హెడ్మాస్టర్ ద్వారా అనుమతికి దరఖాస్తు పెట్టు, ఉత్తర్వు కాపీ భద్రంగా దాచుకో. రేపు సర్వీసు రిజిస్టర్‌లో డిగ్రీ ఎక్కించేటప్పుడు మొదట అడిగేది అదే.

జనవరి బ్యాచ్‌కు ఇంకా టైముంది. బతుకమ్మకు వచ్చేటప్పుడు మూడు, నాలుగు తరగతుల లెక్కల నోటుబుక్కులు పట్టుకురా, ఎర్రపెన్ను పెట్టనివి. తీసివేతలో తప్పులు ఎన్ని తీర్లుగా వచ్చాయో ఇద్దరం కూర్చుని విడదీద్దాం. ఫారం ఆ తర్వాత నింపొచ్చు.

మీ పెద్దబాపు