పోటీ పరీక్షల ప్రత్యేకం: రొమ్ము క్యాన్సర్

అనంతపురం జిల్లాకు ఆరోగ్య పథకాల చరిత్రలో చోటుంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని తొలి విడతగా ప్రారంభించిన మూడు జిల్లాలు: అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. క్యాన్సర్ చికిత్స కూడా ఈ పథకం పరిధిలోనిదే.

ముప్పు: వయసు, కుటుంబ చరిత్ర, ఊబకాయం, మద్యం. మార్పు చెందితే ముప్పు పెంచే జన్యువుల్లో బీఆర్‌సీఏ1 17వ, బీఆర్‌సీఏ2 13వ క్రోమోజోముపై ఉంటాయి. అరుదుగా పురుషులకూ వస్తుంది.

లక్షణాలు: నొప్పిలేని గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తస్రావం. వేరుశనగ గింజంత గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని కలుపు పనులు అయ్యేదాకా ఆగకూడదు.

గుర్తింపు: జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన మహిళలకు ఆరోగ్య సిబ్బంది చేతితో రొమ్ము పరీక్ష చేస్తారు. అనుమానముంటే పెద్దాసుపత్రికి పంపుతారు. మామోగ్రఫీ అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే. నిర్ధారణ బయాప్సీతోనే.

కోలుకోవడం: శస్త్రచికిత్సలో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేస్తే చేయి వాచే ప్రమాదముంది. దీన్ని లింఫెడీమా అంటారు. భుజం బిగుసుకోకుండా వైద్యులు చెప్పిన వ్యాయామాలు చేయాలి.

గుర్తుంచుకోండి:
• అవగాహన మాసం: అక్టోబర్, చిహ్నం: గులాబీ రిబ్బన్
• ప్రపంచ ఆరోగ్య సంస్థ రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం: 2021, లక్ష్యం: మరణాలు ఏటా 2.5 శాతం తగ్గించడం
• హైదరాబాద్ బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభం: 2000

మాదిరి ప్రశ్న: హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందు?
1) ఇన్సులిన్ 2) ట్రాస్టుజుమాబ్ 3) క్లోరోక్విన్ 4) హెపారిన్
జవాబు: 2